పంపినవారి గుమ్మంలో: ఘనా బాప్టిస్టు విద్యార్థి పరిచర్య
(స్మారకోపన్యాసం)

మిషన్ నివేదికలు రాసేవారికి లెక్కలంటే మక్కువ. ఈ ఏడు ఇన్ని బాప్తిస్మాలు, ఇన్ని సండే స్కూళ్లు, ఇంతమంది హాస్టలు పిల్లలు. తెలుగు బాప్టిస్టులకు ఇదేమీ కొత్త కాదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఒంగోలు వైపు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అయితే ఏ నివేదికా లెక్కపెట్టని సంగతి ఒకటుంది. బడిలో చేరిన పిల్లవాడు అక్షరం నేర్చి, వాక్యం నేర్చి, ఆ వాక్యాన్నే చేతపట్టుకుని నేర్పినవారి దగ్గరికి వచ్చి ఏమడిగాడు? విద్యార్థుల మధ్య పనిచేసినవారి స్మృతికి జరిగే ఉపన్యాసంలో ఎత్తుకోదగిన ప్రశ్న ఇది. దీనికి అన్నిటికన్నా సూటిగా జవాబు చెప్పే దేశం పశ్చిమాఫ్రికాలోని ఘనా.

కథ మాత్రం అమెరికాలో మొదలవుతుంది. బానిసలను ఉంచుకున్నవాడు మిషనరీ కావచ్చునా అన్న తగవు మీద అక్కడి బాప్టిస్టులు ఉత్తరం, దక్షిణం అని విడిపోయారు. కాకూడదన్న ఉత్తరాదివారితో తెగతెంపులు చేసుకుని దక్షిణాదివారు 1845లో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నారు. మన నెల్లూరు మిషను ఉత్తరాదివారి వాటాలో మిగిలింది. దక్షిణాదివారు చైనాకు, పశ్చిమాఫ్రికాకు మనుషులను పంపారు. ఏ జాతి మనుషులను సంతలో కొని అమ్మారో ఆ జాతి ఆత్మల కోసం ఓడలెక్కారు. 1850లో యోరుబా దేశంలో అడుగుపెట్టిన టామస్ జెఫర్సన్ బోవెన్ కూడా జార్జియావాడే. ఆయన తయారుచేసిన యోరుబా వ్యాకరణ నిఘంటువును 1858లో స్మిత్సోనియన్ సంస్థ అచ్చువేసింది. పనితనంలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆయన వెనక నిలబడిన సంఘాల సంగతి వేరు.

యోరుబా దేశం అంటే నేటి నైజీరియా. అప్పట్లో గోల్డ్ కోస్ట్ అని పిలిచిన ఘనాకు బాప్టిస్టు మతం తెల్ల మిషనరీ వెంట రాలేదు. 1898లో కేప్ కోస్ట్‌లో మార్క్ హేఫర్డ్ ఒక సంఘం స్థాపించాడు. ఆయన ఆఫ్రికావాడే, జాతీయోద్యమ నాయకుడు, రచయిత కేస్లీ హేఫర్డ్ తోబుట్టువు. కానీ ఊరూరా సంఘాలు నాటినవారు ఇంకొకరు: నైజీరియాలోని ఒగ్బొమోషో, దాని చుట్టుపక్కల పట్టణాల నుంచి సరుకు మోసుకొచ్చిన యోరుబా వ్యాపారులు. తమాలే, యెండి, కుమాసి బజార్లలో గుడ్డలు, పూసలు, తాళంకప్పలు, చిల్లర సామాను అమ్ముకునేవారు. వారం పొడుగునా కొట్టు, ఆదివారం ఆరాధన. పాటా ప్రార్థనా ప్రసంగమూ అన్నీ యోరుబాలోనే. జీతం ఇచ్చే బోర్డు లేదు, పంపిన సొసైటీ లేదు. 1935 నాటికి ఈ సంఘాలన్నీ ఒక కాన్ఫరెన్సుగా ఏర్పడి నైజీరియా బాప్టిస్టుల నీడలో నిలిచాయి.

తెలుగువారికి ఇది తెలిసిన దారే. నేటాల్ చెరకు తోటలకు, తేయాకు తోటలకు కూలికి వెళ్లిన తెలుగు బాప్టిస్టులు అక్కడ తమంతట తామే కూడి ప్రార్థన చేసుకుంటూ పాస్టరు కోసం స్వదేశానికి కబురు పంపారు. 1903లో తెలుగు సంఘాలు నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాకు పంపాయి. ఆ ఏడాది చివర కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం లేచింది. మిషన్ చరిత్రల్లో ఓడ దిగిన తెల్లదొర బొమ్మ ముందు పేజీలో ఉంటుంది; సరుకు మూటతోనో కూలి ఒప్పందంతోనో వెళ్లినవాడి పేరు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ వరస తిరగేసి చదివితేనే ఘనా అర్థమవుతుంది.

అమెరికా మిషనరీలు ఘనాలో స్థిరపడింది 1947లో. బడుల విషయంలో వారు ఆలస్యంగా వచ్చినవారు. మెథడిస్టుల ఎంఫాంట్‌సిపిమ్ 1876 నాటిది, ఆంగ్లికన్ల అడిసడెల్ 1910 నాటిది. ఆ బడుల్లో చదివిన పిల్లలు అప్పటికే లాయర్లు, పత్రికాసంపాదకులు అయి కూర్చున్నారు. బాప్టిస్టులు కుమాసిలో సెకండరీ స్కూలు పెట్టారు. ఆఫ్రికా పనిని అమెరికా నుంచి చూసుకున్న బోర్డు కార్యదర్శి జార్జ్ శాడ్లర్ పేరు దానికి పెట్టారు. ఉత్తరాన నలేరిగులో 1958లో ఆసుపత్రి తెరిచారు. మగపిల్లలకు రాయల్ అంబాసిడర్స్, ఆడపిల్లలకు గర్ల్స్ ఆక్సిలరీ అనే సంఘాలు అమెరికా నమూనాలోనే వచ్చాయి. వచనాలు వల్లెవేయడం, మెట్టు మెట్టుగా ర్యాంకులు సంపాదించడం, ప్రపంచపటం ముందు కూర్చుని దూరదేశాల మిషనరీల కథలు వినడం. ఆ పటంలో ఆఫ్రికా ఎప్పుడూ సువార్త అందుకునే చోటే. ఘనా కుర్రవాడు తన దేశాన్ని దూరదేశంగా చూడడం నేర్చుకుంటున్నాడన్న సంగతి పాఠం తయారుచేసినవారికి తట్టినట్టు లేదు.

గది బయట మాత్రం వేరే పాఠం నడుస్తోంది. 1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనాగా స్వతంత్రమైంది. నాయకుడు క్వామే ఎన్‌క్రుమా తానూ ఒకప్పటి మిషన్ బడి పంతులే. అమెరికాలోని లింకన్ యూనివర్సిటీలో వేదాంతశాస్త్రం కూడా చదివినవాడు. అక్రాలో ఆ అర్ధరాత్రి పాత జెండా దిగి కొత్త జెండా ఎగరడం చూసిన అతిథుల్లో జార్జియాలో పుట్టిన ఒక యువ బాప్టిస్టు పాస్టరు ఉన్నాడు. ఆయన పేరు మార్టిన్ లూథర్ కింగ్. ఒకే అమెరికా దక్షిణాది ఘనాకు రెండు రకాల బాప్టిస్టులను పంపిందన్నమాట. కుర్రవాళ్లు ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎలా ఉంటారు?

మిషనరీల్లోనూ ఆ చూపు కలిగినవాడు ఒకడున్నాడు. హారిస్ మోబ్లీ జార్జియాలోని మేకన్ పట్టణంలో ఉన్న మెర్సర్ యూనివర్సిటీలో చదివి, ఘనాకు వెళ్లినవాడు. మెర్సర్ బాప్టిస్టుల విద్యాసంస్థ. అప్పటిదాకా ఒక్క నల్ల విద్యార్థినీ చేర్చుకోలేదు. 1963లో మోబ్లీ అక్కడి చాపెల్‌లో మాట్లాడుతూ మిషనరీలు చుట్టూ ఉన్న జనానికి దూరంగా దొరల బతుకు బతుకుతున్నారని బాహాటంగా అన్నాడు. పెద్ద దుమారమే లేచింది. అంతకన్నా ఇబ్బందికరమైన పని ఇంకొకటి చేశాడు. ఘనాలో బాప్టిస్టు మిషనరీల వల్ల విశ్వాసంలోకి వచ్చిన శామ్ ఓని అనే యువకుడిని మెర్సర్‌కు దరఖాస్తు పెట్టమని ప్రోత్సహించాడు.

ఆ కాగితం మెర్సర్ పెద్దలను ఇరకాటంలో పెట్టింది. దరఖాస్తు పెట్టింది స్థానిక నల్ల కుర్రవాడైతే చట్టమనో ఆచారమనో ఏదో ఒకటి చెప్పి పంపించి ఉండవచ్చు. ఇతను తమ చందాల పంట. డిసెంబరులో చైనా మిషనరీ లాటీ మూన్ పేరిట దక్షిణాది సంఘాలన్నీ విదేశీ మిషన్ల కోసం కానుకలు పోగుచేస్తాయి. అలాంటి కానుకల మీద నడిచిన పనిలో నమ్మిన మనిషి, వారి మతశాఖకు చెందినవాడు, వారి కాలేజీలో సీటు అడుగుతున్నాడు. యూనివర్సిటీ అధ్యక్షుడు రూఫస్ హారిస్ చేర్చుకోవాలని పట్టుబట్టాడు. 1963 ఏప్రిల్‌లో ట్రస్టీలు మెజారిటీ ఓటుతో సరేనన్నారు. ఘనా కుర్రవాడిని చేర్చుకుని మేకన్ పిల్లలను బయట నిలబెడితే మరీ ఎబ్బెట్టుగా ఉంటుందని గ్రహించిన మెర్సర్‌లోని జో హెండ్రిక్స్ వంటివారు ఊళ్లోని నల్లవారి హైస్కూలుకు వెళ్లి పిల్లలను వెతికారు. ఆ శరత్తులో ఓనితో పాటు బెనీ స్టీఫెన్స్, సెసిల్ డ్యూబెరీ అనే ఇద్దరు మేకన్ కుర్రవాళ్లు కూడా చేరారు. ఒక పశ్చిమాఫ్రికా విద్యార్థి దరఖాస్తు, సొంత ఊరి పిల్లలకు మూసి ఉన్న గేటు తీయించింది. మిషన్ చరిత్రలో దీనికి సాటి వచ్చే బాప్తిస్మాల లెక్క ఉంటుందనుకోవడం కష్టం.

తరగతి గది ఒకటి, ఆరాధన వేరొకటి. వైన్‌విల్ బాప్టిస్టు చర్చి వాదోపవాదాల తర్వాత ఓనికి సభ్యత్వం ఇచ్చింది. అసలు చిక్కు యూనివర్సిటీ ఆవరణకే ఆనుకుని ఉన్న టాట్‌నల్ స్క్వేర్ బాప్టిస్టు చర్చితో వచ్చింది. నల్లవారిని ఆరాధనకు రానివ్వకూడదని 1966లో ఆ సంఘం తీర్మానించింది. పాస్టరు టామస్ హోమ్స్ అందుకు ఒప్పుకోలేదు. సెప్టెంబరు 25, ఆదివారం. లోపల సంఘం హోమ్స్‌ను, ఆయనతో నిలిచిన ఇద్దరు సహచరులను పదవుల నుంచి తొలగించే పనిలో ఉంది. బయట ఓని లోపలికి వెళ్లబోయాడు. మెట్ల మీదే మనుషులు అడ్డుపడి ఆపేశారు.

ఆ వార్త పత్రికలకెక్కింది. కెమెరాలు అప్పటికే అక్కడ ఉన్నాయి. ఓని కావాలనే వెళ్లాడని, ఇదంతా నాటకమని కొందరు అన్నారు. కావాలనే వెళ్లాడు, నిజమే. ఇరవైల్లో ఉన్న విద్యార్థి పంపినవారి ఇంటికే వచ్చి, వారు తనకు నేర్పిన మాటకు వారు కట్టుబడతారో లేదో తేల్చుకోవాలనుకున్నాడు. అందులో నాటకం ఉంటే దాన్ని రాసినవారు జార్జియా బాప్టిస్టులే. నల్లవారిని నీగ్రో అని ఆఫ్రికావారిని అతిథి అని విడదీసి చూసే సౌకర్యం వారికి చాలాకాలం ఉంది. సముద్రం అవతల ఉన్నంతసేపూ ఆఫ్రికావాడు సోదరుడే. ఎదురుగా వచ్చి పక్క బల్ల మీద కూర్చుంటానన్నప్పుడు ఆ సోదరత్వం ఎంత లోతో బయటపడింది.

హోమ్స్ ఆ అనుభవాన్ని 1969లో పుస్తకంగా తెచ్చాడు. ఓని 1967లో పట్టా పుచ్చుకున్నాడు. మెర్సర్ తర్వాతి దశాబ్దాల్లో ఆయనను పిలిచి గౌరవించింది. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ బానిసత్వం విషయంలో తన పాత్రకు క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది 1995లో, అంటే పుట్టిన 150 ఏళ్లకు. ఆలస్యాన్ని ఎత్తిచూపడం తేలిక. ఆ తీర్మానం వెనక ఉన్న ఒత్తిళ్లలో ఒగ్బొమోషో వ్యాపారుల సంఘాల దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి మెట్లెక్కిన ఆదివారం కూడా ఒకటి అనుకుంటే తప్పులేదు.

మోబ్లీ మిషనరీ పని మాని మానవశాస్త్రం వైపు వెళ్లాడు. 1970లో వచ్చిన ఆయన పుస్తకం, 1897 నుంచి 1965 దాకా ఘనా రచయితలు మిషనరీల మీద అచ్చులో చేసిన విమర్శలన్నిటినీ పోగుచేసి విశ్లేషించింది. మిషనరీలు ఆఫ్రికావారిని గురించి రాసిన పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి. వారిని గురించి ఆఫ్రికావారు ఏమనుకున్నారో ఒక మిషనరీయే కూర్చి పెట్టడం అరుదు. ఆ విమర్శకుల్లో చాలామంది మిషన్ బడుల్లోనే చదువుకున్నవారు. విదేశాలకు స్వల్పకాల సేవకు వెళ్లే యువకులకు ఈ పుస్తకం పాఠ్యంగా ఇచ్చి ఉంటే బాగుండేది. 1965లోనే అమెరికా బోర్డు జర్నీమన్ అనే పథకం పెట్టి, అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన కుర్రకారును రెండేళ్లు విదేశాలకు పంపడం మొదలుపెట్టింది. ఉత్సాహం కొరత లేని పథకం.

ఈలోగా ఘనాలో మరో పరీక్ష వచ్చింది. దీనికి తెల్లవారితో సంబంధం లేదు. 1969 నవంబరు 18న ప్రధాని బూసియా ప్రభుత్వం నివాసపత్రాలు లేని విదేశీయులంతా రెండు వారాల్లో దేశం విడిచిపోవాలని ఉత్తర్వు ఇచ్చింది. బూసియా ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన సామాజికశాస్త్రవేత్త, మెథడిస్టు విశ్వాసి. ఆ ఉత్తర్వు దెబ్బ గట్టిగా తగిలినవారిలో యోరుబా వ్యాపారులు ఉన్నారు. అక్కడే పుట్టి, అక్కడి బడుల్లో చదివి, వీధిలో ట్వీ, డగ్బాని మాట్లాడే పిల్లలు కూడా తల్లిదండ్రులతో లారీలెక్కారు. లక్షకు పైగా జనం వెళ్లిపోయారు.

ఎన్నో ఊళ్లలో బాప్టిస్టు సంఘాలు ఒక్క నెలలో ఖాళీ అయ్యాయి. చర్చి ఉంది, తాళం ఉంది, పాడేవారు లేరు. వ్యాపారుల సంఘానికి ఉన్న బలమే ఇక్కడ బలహీనత అయింది: ఒక్క జాతిని, ఒక్క భాషను పట్టుకుని నిలిచింది కాబట్టి ఆ జాతితోనే లేచిపోయింది. ఈ లోపానికి మిషనరీలను నిందించి లాభం లేదు. చుట్టూ ఉన్న అకాన్, డగోంబా జనం మధ్య పని చేయాలన్న తొందర యోరుబా పెద్దలకు పెద్దగా లేకపోయింది. ఉన్న ఊరిలో పరాయివారిగా బతికేవారికి ఆదివారం సొంత భాష వినడమే పెద్ద ఊరట.

మిగిలినదాన్ని నిలబెట్టినవారిలో చదువుకున్న యువతరం పాత్ర చిన్నది కాదు. 1960లు, 1970ల్లో ఘనా సెకండరీ స్కూళ్లలో స్క్రిప్చర్ యూనియన్ గుంపులు జోరుగా ఉండేవి. శాఖల తేడా పట్టించుకోని కుర్రవాళ్లు సాయంత్రాలు కూడి తామే వాక్యం చదివి, తామే ప్రార్థన నడిపేవారు. యూనివర్సిటీల్లో బాప్టిస్టు విద్యార్థి కూటాలు అదే గాలి పీల్చాయి. ఆరాధన యోరుబా నుంచి ట్వీకి, ఇంగ్లీషుకు, ఉత్తరాది భాషలకు మారింది. చప్పట్లు, డోలు, రాత్రంతా సాగే ప్రార్థనలు లోపలికి వచ్చాయి. నెమ్మదైన దక్షిణాది అమెరికా ఆరాధనకు అలవాటుపడిన పెద్దలు నొసలు చిట్లించారు. కుమాసి దగ్గర అబువాక్వాలోని సెమినరీలో ఘనా పాస్టర్లు తయారయ్యారు. నైజీరియా నుంచి విడిగా 1960ల్లోనే ఏర్పడ్డ ఘనా బాప్టిస్టు కన్వెన్షన్‌ను ఇప్పుడు నడుపుతున్నది ఆ చేతులే. రాయల్ అంబాసిడర్స్ గుంపులు ఈనాటికీ ఉన్నాయి. వారికి వాక్యం చెప్పేది ఘనా పెద్దలు.