మేస్త్రీని పిలవకముందు



పంటల సంగతి, ఎరువుల సంగతి చెప్పవలసినవాడు ఈ పూట ఇంటి సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీలో కొందరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. వానకాలం పంట అమ్మి చేతిలో నాలుగు రూపాయలు ఆడే వేళకు నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది విత్తనాల గురించి అడగరు. "సారూ, ఇల్లు మొదలు పెడుతున్నం, ఒక ప్లాను గీసియ్యరాదు?" అంటారు. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి గాని ఇంజనీరును కాను. పునాది ఎంత లోతు తియ్యాలో, ఇనుము ఎంత వెయ్యాలో ఇంజనీరే చెప్పాలి. అయితే ఇంట్లో ఏ పని ఎక్కడ జరుగుతుందో, ఎవరు ఎక్కడ పడుకుంటారో, బస్తా ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ఆ ఇంటివారికి తెలిసినట్టు ఇంజనీరుకు తెలియదు. అది మీరు తేల్చుకోకుండా పోతే ఆయన తనకు తోచిన ఇల్లు గీస్తాడు. మీరు దాంట్లో ముప్ఫై ఏండ్లు సర్దుకుంటారు.

మా శేరిలింగంపల్లి వైపు ఈ సర్దుబాటు ఎక్కువగా చూస్తున్నాను. 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో స్థిరపడింది. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ లేచింది. 2007లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ హైదరాబాదు మహానగరంలో కలిసిపోయింది. ఈ నడుమ జొన్నలు, కందులు పండిన ఎర్రచెల్కలు ఎకరాల లెక్క పోయి గజాల లెక్కకు వచ్చినవి. భవంతి ఇంట్లో పుట్టి పెరిగిన కుటుంబం ఇప్పుడు 200 గజాల్లో ఇల్లు కట్టుకోవాలి. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు వారికీ ఇదే ముచ్చట దగ్గర పడుతున్నది. కాబట్టి ఈ మాటలు వారికి కూడా.

మన పాత ఇల్లు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. వీధిలోకి అరుగులు. దర్వాజ దాటగానే ఒక పక్క కొట్టం. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు, వెనుక వంటర్ర, దాని వెనుక పెరడు, బాయి. ఆ ఇంటికి కాగితం మీద ప్లాను లేదు. కాని పని మీద ప్లాను ఉన్నది. వచ్చినవారు అరుగుమీద కూర్చుంటే ఇంటి ఆడవాళ్ల పని ఆగదు. వడ్లు వాకిట్లో ఎండితే ఇంట్లో కూర్చునే కాపలా కాయవచ్చు. నాలుగు అర్రలకూ ఆ వాకిలి నుంచే వెలుతురు, గాలి. రెండు పక్కలా పొరుగు గోడలు నిలిచిన చిన్న జాగాలో ఆ ఇల్లు యథాతథంగా రాదు, నిజమే. కాని ఆ పద్ధతి రావచ్చు. నడుమ 6 అడుగులకు 8 అడుగుల జాగా ఆకాశానికి వదిలి పైన ఇనుప జాలీ వేస్తే చాలు, లోపలి గదులు పగటిపూట దీపం లేకుండా గడుస్తాయి. "అంత జాగా దండుగ కాదా" అని అడుగుతారు. చీకటి గది కట్టి, అందులో పాత సామాను పడేసి, తలుపు మూసుకోవడం అంతకన్నా పెద్ద దండుగ అని నా అభిప్రాయం.

ఇక జాగా కొలత. 200 గజాలంటే సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. 30 అడుగులూ ఇల్లే అనుకుంటారు మనవాళ్లు. నిబంధన ప్రకారం ముందూ వెనుకా పక్కలా ఎంత వదలాలో ముందే ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పక్కకు ఒక్కొక్క మీటరు వదిలారనుకోండి, మిగిలేది 23 అడుగుల చిల్లర. బయటి గోడలు రెండూ 9 అంగుళాలవి, మధ్య గోడ నాలుగున్నర అంగుళాలది. ఇవి తీసేస్తే పక్కపక్కన పదిన్నర అడుగుల గదులు రెండు వస్తాయి, అంతే. మూడు గదులు వరుసగా పెట్టాలని పట్టుబడితే మూడూ మంచం పట్టని గదులవుతాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఉండే గదికి కనీసం తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, అంటే 102 చదరపు అడుగులు ఉండాలన్నది. వెడల్పు 8 అడుగులకు తగ్గరాదు. వంటగది 5 చదరపు మీటర్లకు తగ్గరాదు. ఇవి కనీసపు కొలతలు. ఉమ్మడి కుటుంబపు వంటగదికి ఇంకా కొంత కావాలి.

జాగా కొనేముందు ఒక మాట. చెరువు నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, దాన్నే ఆఫీసువాళ్లు ఎఫ్‌టీఎల్ అంటారు, ఆ హద్దులోపల ఇంటిజాగా చౌకగా వస్తున్నదంటే కొనవద్దు. 2000 ఆగస్టులో హైదరాబాదులో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడ్డది. 2020 అక్టోబరులో మళ్లీ నగరం మునిగింది. చెరువు ఎండి కాలనీ వెలిసినా, నీరు తన పాత దారినే వెతుక్కుంటుంది. 2024లో హైడ్రా వచ్చిన తర్వాత చెరువు హద్దుల్లో కట్టిన ఇండ్లు కూలడం అందరూ చూశారు. ఇంటి నేల కూడా ఇవాళ్టి రోడ్డుకు ఎత్తుగా ఉంటే చాలదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతారు. పదేండ్లకు వీధి మీ వాకిలికన్నా ఎత్తవుతుంది. రెండున్నర, మూడడుగుల పీఠం వేసుకోండి. రేగడి నేల అయితే పునాది విషయంలో ఇంజనీరును తప్పక అడగండి. అది తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజనీరు గీసిన కాగితం తెచ్చుకున్న తర్వాత మేస్త్రీని పిలవకముందు ఒక పని చెయ్యండి. జాగా శుభ్రం చేసి, మేకులు కొట్టి, దారం కట్టి, ముగ్గుపిండితో ఇల్లంతా నేలమీద గీయండి. దర్వాజలు, కిటికీలు, మెట్లు కూడా. తర్వాత అందులో సంసారం చెయ్యండి. ఆరడుగుల మంచం తెచ్చి వెయ్యండి. దాని చుట్టూ మనిషి తిరగగలడా, దర్వాజ తెరిస్తే మంచానికి తగులుతుందా చూడండి. నిండు బిందె ఎత్తుకొని నల్లా నుంచి వంటగదికి నడవండి. ఈ పని ఇంటి యజమాని చేస్తే లాభం లేదు, రోజూ చేసేవాళ్లు చెయ్యాలి. మా దగ్గర ఒక కోడలు ఇట్లా నడిచి, వంటగదికీ గిన్నెలు తోమే జాగాకూ నడుమ పెద్దగది అడ్డం వచ్చిందని చెప్పింది. ముగ్గు చెరిపి మళ్లీ గీయడానికి అరగంట పట్టింది. అదే గోడ లేచినాక అయితే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. అయితే ఒక హెచ్చరిక. ముగ్గు గీతల్లో ఏ గది అయినా ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. అది చూసి గాబరాపడి పెంచవద్దు, టేపు పెట్టి చూడండి.

సాయంకాలం నాలుగు గంటలకు ఆ గీతల మధ్య నిలబడి ఎండ ఎటునుంచి కొడుతున్నదో కూడా చూడండి. మన ప్రాంతంలో దక్షిణపు ఎండకు ఉపాయం సులభం. మార్చి, సెప్టెంబరు నెలల్లో నడిమింట ఎండ నిటారుగా వస్తుంది, 2 అడుగుల ఛజ్జా 6 అడుగుల గోడకు నీడనిస్తుంది. చలికాలంలో పొద్దు వాలి నడుస్తుంది గనుక అదే ఛజ్జా కింద వెచ్చని ఎండ లోపలికి వస్తుంది. మే రెండోవారం నుంచి ఆగస్టు మొదలు దాకా నడిమింటి పొద్దు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటుంది. బాధంతా పడమటి గోడదే. వాలుపొద్దును ఛజ్జా ఆపలేదు. ఆ పక్కన మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెట్టండి. పడక గది పడమట పెడితే ఏప్రిల్‌లో రాత్రి పది దాకా గోడ సెగ కక్కుతూనే ఉంటుంది. వాస్తు చూసుకునేవారు చూసుకోండి, నేను తగవు పెట్టుకోను. ఆగ్నేయాన వంట అన్న మాట మన వానకాలపు పడమటి గాలికి సరిపోయిందే, పొగ ఇంట్లోకి రాదు. కాని వాస్తు పేరుతో ఉన్న కిటికీ మూయించుకోవద్దు.

మెట్ల దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే సంసారాలు పెరిగేదీ విడిపోయేదీ అక్కడే. ఇద్దరు కొడుకులున్న ఒక ఇంటివారు పెద్దగది నడుమనుంచి మెట్లు తీశారు, సినిమాల్లో చూసినట్టు. నాలుగేండ్లకు అన్నదమ్ములు వేరుపడ్డారు. పై అంతస్తువారు తమ ఇంటికి పోవాలంటే కిందివారి పెద్దగదిలోంచి, వారు అన్నం తింటుంటే పక్కనుంచి పోవాలి. మాటలు లేని రోజుల్లో అది ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. చివరకు వెనుక గోడ పగలగొట్టి ఇనుప మెట్లు పెట్టుకున్నారు. అదే మెట్లు ముందు వసారా పక్కన ఉంటే, కలిసి ఉన్నన్నాళ్లు ఒకే ఇల్లు, వేరుపడితే రెండిండ్లు, కిరాయికి ఇస్తే ఒక వాటా. మూడింటికీ అదే ప్లాను పనికివస్తుంది. వేరుపాటు మాట ఇల్లు కట్టేటప్పుడు ఎత్తడం అశుభమని పెద్దవాళ్లు కసురుతారు. ఎత్తకపోయినా సరే, మెట్లు మాత్రం బయటిపక్కన పెట్టించండి.

మెట్టు ఎత్తు 7 అంగుళాలు, అడుగుపెట్టే వెడల్పు 10 అంగుళాలు. నేలనుంచి పై నేలకు పదిన్నర అడుగులయితే 18 మెట్లు. మధ్యలో మలుపు తిప్పితే సుమారు 10 అడుగులకు 7 అడుగుల జాగా తప్పదు. జాగా మిగులుతుందని మెట్టు ఎత్తు 9 అంగుళాలు చేస్తే ముసలివారికి ఇల్లు ఒక అంతస్తే అవుతుంది. ఎట్లాగూ తల్లిదండ్రుల పడక కింది అంతస్తులోనే ఉండాలి, పక్కనే మరుగుదొడ్డి ఉండాలి. కింది భాగమంతా కిరాయికి ఇచ్చి ముసలివారిని పైకి ఎక్కించే ఇండ్లు మా వైపు పెరుగుతున్నవి. కిరాయి వస్తుంది. కాని అరుగుమీద కూర్చుని నలుగురితో మాట్లాడిన మనిషి పైన కిటికీ పక్కన మిగిలిపోతాడు. పైనా కిందా మరుగుదొడ్లు ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు చూసుకుంటే గొట్టాల ఖర్చు తగ్గుతుంది, చెమ్మ ఇల్లంతా పాకదు.

పొలం ఇంకా ఉన్నవారికి రెండు మాటలు. పురుగుమందులకు ఇంటి లోపల జాగా పెట్టవద్దు. వెనుక, బయటికి తెరుచుకునే చిన్న అర, తాళంతో, పిల్లల చెయ్యి అందకుండా. వంటగది అటకమీద మందు సీసాలు నేను చూసిన ఇండ్లు చాలా ఉన్నవి. పశువుల కొట్టం తూర్పు పడమరలుగా పొడవు పెట్టి, బాయికీ వంటింటికీ దూరంగా వేయండి.

వాన నీటిని కూడా ప్లానులో గీయించండి. మన దగ్గర ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన. వంద చదరపు మీటర్ల స్లాబు మీద పడేది 80 వేల లీటర్లు. కొంత ఆవిరై పోయినా 60 వేలకు తక్కువ కాదు. ఇంకుడుగుంత ఎక్కడో ముందే గుర్తు పెట్టకపోతే చివరకు అక్కడ బండి నిలుపుతారు.

ముగ్గు గీతలు వారం రోజులు అట్లాగే ఉంచండి. పిల్లలు తొక్కితే మళ్లీ గీసుకోవచ్చు. బస్తాలు ఎట్లా నిలువచేయాలో, ఆ గది నేల ఎట్లా ఉండాలో మరొకసారి చెప్పుకొందాం. సెలవు.