ఆరాధనలో గంట



మాకు ఇచ్చిన అంశము గంట. దీనిమీద అరగంట మాటలాడుటకు ఏమున్నదని మన సంఘపెద్దలలో ఒకరు నవ్విరి. అయితే ఆయన మాటలోనే జవాబున్నది. మ్రోగు వస్తువును, కాలపు కొలతను మనము ఒక్క మాటతోనే పిలుచుచున్నాము. చేతి గడియారములు లేని దినములలో కాలమనగా ఎవరో ఒకరు మ్రోగించి తెలియజేయునదే.

ఈ యాగంటి ప్రాంతమువారికి గంట క్రొత్త కాదు. ఉమామహేశ్వరాలయములో గంట మ్రోగుచున్నది. 1948 వరకు నవాబుల సంస్థానమైయుండిన బనగానపల్లెలో మసీదునుండి అజాన్ వినబడుచున్నది. వీటి నడుమ మన గంటయు ఒకటి. ఇందుచేతనే కొందరు విశ్వాసులు, "అయ్యగారూ, గంట గుడివారి ఆచారము గదా, మనకెందుకు?" అని అడుగుచున్నారు. క్రొత్త నిబంధనలో గంట ఎక్కడున్నదని మరికొందరు అడుగుదురు. లేదు. మైకును లేదు, గోడ గడియారమును లేదు.

పాత నిబంధనలో మాత్రము గంట ఉన్నది. అహరోను నిలువుటంగీ అంచున దానిమ్మపండ్ల నడుమ బంగారు గంటలు తగిలింపవలెనని నిర్గమకాండము 28వ అధ్యాయము చెప్పుచున్నది. అతడు పరిశుద్ధస్థలములో ప్రవేశించునప్పుడును బయటికి వచ్చునప్పుడును వాటి ధ్వని వినబడవలెను. సమాజమును పిలుచుటకైతే సంఖ్యాకాండము 10వ అధ్యాయములో రెండు వెండి బూరలు కలవు. మన గంట ఈ రెండు పనులను చేయుచున్నది. గోపురములోనిది జనమును పిలుచును. మన ఎస్.పి.జి. మిషను వారసత్వమున్న కొన్ని సంఘములలో బల్లయొద్ద మ్రోగు చిన్న గంట, ప్రభు సంస్కారములో ఇప్పుడేమి జరుగుచున్నదో వెనుక కూర్చున్నవారికి సహా తెలియజేయును.

హింసల కాలపు క్రైస్తవులు దాగి కూడుకొనిరి గనుక వారికి గంటతో పనిలేకపోయెను. ఇటలీలో నోలా పట్టణపు బిషప్పు పౌలీనుసు గంటను ఆరాధనకు తెచ్చెనని ఒక వాడుక గలదు గాని ఆయన వ్రాతలలో దానికి ఆధారము కనబడదు. 6వ శతాబ్దములో కార్తేజీ పట్టణపు ఫెర్రాండుసు అను డీకను, సన్యాసులను ప్రార్థనకు పిలుచు గంటనుగూర్చి వ్రాసెను. ఇది నమ్మదగిన సాక్ష్యము. తరువాత తురుష్కుల యేలుబడిలో గంటలు నిషేధింపబడిన చోట్ల తూర్పు సంఘములవారు పొడవైన చెక్కపలకను సుత్తితో కొట్టి ఆరాధనకు పిలిచిరి. మన పల్లెలలో వేపచెట్టుకు వ్రేలాడదీసిన రైలు పట్టా ముక్కను చూచి ఎవరైన చిన్నచూపు చూచినయెడల ఈ చెక్కపలక సంగతి వారికి చెప్పుడి. మంచి గంటలో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరము ఉండును. ఆ సొమ్ము లేనివారు ఇనుముతోనే పని జరుపుకొనిరి.

ఇక్కడ ఒక సంగతి సూటిగా చెప్పవలసియున్నది. 19వ శతాబ్దపు నడిమి కాలములో ముత్యాలపాడు, కలసపాడు, తరువాత నంద్యాల కేంద్రములుగా ఈ మిషను పని సాగినప్పుడు సువార్తను అంగీకరించినవారిలో అత్యధికులు మాలపల్లె, మాదిగపల్లెల వారు. 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టము వచ్చినది. అంతకుముందు మన తాతలకు గుడిగంట వినబడెనేగాని దాని తాడు అందలేదు. ఊరి గంట వారిని పిలువలేదు. అట్టి పల్లె నడుమ ఒక ఇనుప ముక్క వ్రేలాడి, దానిని కొట్టు సుత్తి తమ చేతికే వచ్చినప్పుడు వారికి ఎట్లుండెనో ఆలోచించుడి. కనుక గంట పరాయి ఆచారమని తేలికగా తీసివేయువారు, అది మన పెద్దలకు దొరకనిదై తరువాత దొరికినదని జ్ఞాపకముంచుకొనవలెను.

మొదటి గంటకు పొయ్యి ఆర్పి స్నానము, రెండవ గంటకు పిల్లలకు తలదువ్వుట, మూడవ గంటకు గడప దాటుట. ఇది ఆదివారపు క్రమము. మూడవ గంట విన్న తరువాతనే స్నానమునకు నీళ్లు తోడుకొనువారు ఇప్పుడు మన సంఘములలో పెరిగియున్నారు. ఆ మాట ఇంకొక ప్రసంగమునకు ఉంచుదము.

నేడు గంట స్థానములో మైకు వచ్చినది. సెల్‌ఫోనులో రికార్డు చేసిన గంటను మైకులో వినిపించు సంఘములును గలవు. ధ్వని మంచిదే, తాడు తెగదు, వంతులు వేసికొననక్కరలేదు. అయినను మేము దీనిని మెచ్చలేకున్నాము. తాడు లాగుటకు ఒక మనిషి అందరికంటె ముందు నిద్రలేచి రావలెను. ఉపదేశి రానినాడు ఒక ముసలి విధవరాలు వచ్చి లాగును. పాట రానివానికి, వాక్యము చదువలేనివానికి కూడ ఆరాధనలో ఒక పని దొరుకును. మైకు ఆ పనిని తీసివేసినది. పైగా 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటలవరకు మైకుకు కట్టుబాటున్నది. చట్టము మాట అటుంచి, మైకు మాటలు చెప్పును, వాదించును, ఇరుగుపొరుగు మతములవారితో పోటీ పడును. గంట రమ్మని మాత్రమే అనును.

గంట మౌనము కూడ జనమునకు అర్థమగును. యుద్ధకాలములో 1940 జూను నెలలో ఇంగ్లండులో దేవాలయ గంటలన్నిటిని ఆపివేసిరి. శత్రువు దిగినప్పుడే అవి మ్రోగవలెనని ఆజ్ఞ. 1942 నవంబరులో ఐగుప్తులోని విజయమునకు మ్రోగించినప్పుడు వాటిని విని ఏడ్చినవారు గలరు. కొన్ని సంఘములలో శ్రమల వారమున గంటను నిలిపి, పునరుత్థాన దినమున మరల మ్రోగించుట ఇట్టిదే.

మరణ గంట సంగతి ఒకటి మిగిలియున్నది. నాపరాతి గనులకు చీకటితోనే వెళ్లువారున్న పల్లెలలో, వేళకాని వేళ గంట మెల్లగా, ఎడమెడముగా మ్రోగిన యెడల చేతిలోని సద్దిమూట క్రింద పెట్టుదురు. మైకులోనైతే పేరు, వయస్సు, సమాధి చేయు వేళ అన్నియు ఇంటిలోనే కూర్చుండి వినవచ్చును. గంట పేరు చెప్పదు. అందుచేత వీధిలోనికి వచ్చి, "ఎవరమ్మా?" అని ప్రక్కయింటివారిని అడుగవలెను. అట్లు అడుగుచు అడుగుచునే సగము పల్లె ఆ యింటి దారి పట్టియుండును.