కంప్యూటరు మందగించుట – కారణములు, నివారణోపాయములు

(పంచాయతీ సభ్యుల నుద్దేశించి ప్రచారాధికారి యొకరు చేసిన ఉపన్యాస పాఠము)



నేడు నేను ప్రస్తావింపదలచిన విషయము చిన్నదిగా కనుపింపవచ్చును. కాని అది ప్రజల కాలముతోను, పంచాయతీ ధనముతోను ముడిపడినది. మన యిండ్లలోను, కార్యాలయములలోను ఉన్న కంప్యూటర్లు కొంతకాలమునకు మందగించుచున్నవి. మీట నొక్కి పది నిమిషములు కాచుకొన్నను తెర సిద్ధము కాదు. అప్పుడు మనకు మొదట తోచు మాట, “ఇది పాతబడినది, కొత్తది కొనవలెను” అనునదే. ఆ మాట ఒక్కొక్కప్పుడు నిజమే. కాని చాలసార్లు నిజము కాదు. జబ్బు తెలియక మందు కొనరాదు. కారణము తెలియక యంత్రము కొనరాదు. నేను చెప్పదలచినది ఇంతే.

2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయముల వ్యవస్థ ఆరంభమైన నాటినుండి గ్రామ ప్రజల దరఖాస్తులు చాలవరకు కంప్యూటరు ద్వారానే సాగుచున్నవి. 2020 ఏప్రిలు 24న, జాతీయ పంచాయతీ రాజ్ దినోత్సవమునాడు ప్రారంభింపబడిన ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. ఇంటిలోని కంప్యూటరుపై పిల్లలు పాఠములు చదువుచున్నారు. కళాశాల ప్రవేశములకు దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. గడువు చివరిదినమున యంత్రము మొరాయించినచో ఆ పిల్లవాని సంవత్సరమే వ్యర్థము కావచ్చును. వేరుసెనగ కోత విడిచి, కూలి పోగొట్టుకొని కార్యాలయమునకు వచ్చిన స్త్రీ మరునాడు మరల రావలసి యుండును. ఇక కొత్త యంత్రమునకు వెచ్చించు ధనమో, వానలు చాలని మన సీమలో తాగునీటి బోరు మోటారును బాగుచేయుటకు పనికివచ్చు ధనమే. కావున మందగించిన యంత్రమును అట్లే భరించుట నష్టము. విచారింపక కొత్తది కొనుటయు నష్టమే.

యంత్రము పనిచేయు తీరు

కంప్యూటరులో ముఖ్యముగా తెలిసికొనవలసిన భాగములు మూడు. లెక్కలు చేయునది ప్రాసెసరు. ఇది కళ్లములో తిరుగు ఎద్దు వంటిది. అప్పటి పనికి కావలసినదానిని పరచి ఉంచునది మెమరీ. ఇది కళ్లము వంటిది. శాశ్వతముగా దాచునది డిస్కు. ఇది మన పెద్దలు జొన్నలు దాచిన పాతర వంటిది. కళ్లము ఇరుకైనచో, పరచినదానిని మాటిమాటికి పాతరలోనికి దించి, మరల పైకి తీయవలసి వచ్చును. అప్పుడు ఎద్దు ఎంత బలము గలదైనను పని సాగదు.

ఇరుకు ఎక్కడ నున్నదో తెలిసికొనుట కష్టము కాదు. విండోస్ గల యంత్రమున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కినచో ‘టాస్క్ మేనేజర్’ అను పట్టిక తెరచుకొనును. ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఒక్కొక్కటి నూటికెంత వంతు పనిలో నిమగ్నమైయున్నదో అందు కనుపించును. యంత్రము మందగించిన సమయముననే దీనిని చూడవలెను. ఏది నూటికి నూరు దరిదాపున నిలిచి దిగకున్నదో, మొదట దానినే అనుమానింపవలెను.

ఖర్చులేని ఉపాయములు

మొదటిది, యంత్రమును ‘రీస్టార్ట్’ చేయుట. ‘షట్ డౌన్’ చేసినప్పుడు, త్వరగా తెరచుకొనుటకై విండోస్ సాధారణముగా తన లోపలి స్థితిని కొంత దాచి ఉంచుకొనును. అందుచే పేరుకొన్న చిక్కులు తొలగకపోవచ్చును. ‘రీస్టార్ట్’ చేసినచో అంతయు కొత్తగా ఆరంభమగును.

రెండవది, యంత్రము తెరచుకొనునప్పుడే తమంతట తాము మేలుకొను ప్రోగ్రాములను తగ్గించుట. ఈ జాబితాయు టాస్క్ మేనేజర్‌లోనే కలదు. అవసరము లేనివానిని అచ్చట నిలుపుదల చేయవచ్చును. అట్లే రెండు యాంటీవైరస్ ప్రోగ్రాములు ఒకే యంత్రమున నుండరాదు. ఒకే గవినికి ఇద్దరు కావలివారు నిలిచి ఒకరి నొకరు అడ్డగించినట్లగును.

మూడవది, డిస్కును నిండనీయకుండుట. అయిదింట ఒక వంతు ఖాళీగా నుంచుట మేలు. “మీ యంత్రమును పది రెట్లు వేగవంతము చేసెదము” అను ప్రకటనలను నమ్మి ఏ ప్రోగ్రామును దింపుకొనరాదు. వానిలో కొన్ని దొంగకు తలుపు తీయునట్టివి.

దుమ్ము, వేడిమి, విద్యుత్తు

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన కారణములు ఇవి. కర్నూలు, కడప ప్రాంతములలో ఏప్రిలు, మే మాసములందు పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణము. ఎర్రగుంట్ల, బేతంచెర్ల పరిసరములందు బండలు కోయు, నునుపుచేయు కర్మాగారములు గలవు. ఆ సన్నని రాతిపొడి గాలితో కిటికీలగుండ వచ్చును. నల్లరేగడి దుమ్ము సంగతి మీకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ దుమ్ము యంత్రములోని ఫ్యానుకు, వేడిని బయటికి పంపు లోహపు రేకులకు పట్టి గాలిని ఆపివేయును. ప్రాసెసరు వేడిమి 100 డిగ్రీలకు చేరువైనప్పుడు, కాలిపోకుండుటకై అది తన వేగమును తానే తగ్గించుకొనును. మిట్టమధ్యాహ్నపు టెండలో ఎద్దు నడక తగ్గించుట వంటిదే ఇది. ఉదయము చురుకుగా నుండి, మధ్యాహ్నము మందగించు యంత్రమునకు ముందుగా దుమ్ము దులుపవలెను.

దుమ్ము తీయునప్పుడు తీగను పూర్తిగా ఊడదీసి, యంత్రమును ఆరుబయటికి తెచ్చి, మెత్తని కుంచెతో గాని, గాలి ఊదు సాధనముతో గాని శుభ్రము చేయవలెను. ఫ్యాను రెక్కలు తిరుగకుండ పట్టుకొనవలెను. తడిగుడ్డ పనికిరాదు. యంత్రమును గోడకు జానెడు ఎడముగా నుంచవలెను. నడుచుచున్నప్పుడు దానిపై గుడ్డ కప్పరాదు.

విద్యుత్తు హెచ్చుతగ్గులకును, ఆకస్మికముగా ఆగిపోవుటకును యు.పి.ఎస్. అవసరము. యంత్రము హఠాత్తుగా ఆగినప్పుడు డిస్కుపై వ్రాయుచున్న సమాచారము చెడవచ్చును. మరియొక మాట: మన నేల ఎండినకొలది ఎర్తింగు బలము తగ్గును. వేసవిలో ఎర్తింగు గుంటకు నీరు పోయించుట మరువరాదు.

కొద్దిపాటి ఖర్చుతో

డిస్కు ఎల్లప్పుడు నూటికి నూరు చూపుచున్నచో, అది పాతరకపు హార్డ్ డిస్కు కావచ్చును. అందు పళ్లెము నిమిషమునకు 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగును; కోరిన చోటు వెదకి పట్టుటకు ఒక్కొక్కసారి సుమారు 10 మిల్లీసెకండ్లు పట్టును. అనగా సెకండునకు నూరు వెదకులాటలకు మించి సాగవు. తిరుగు భాగములు లేని ఎస్.ఎస్.డి. వేలకొలది వెదకులాటలు చేయగలదు. పాత యంత్రమునకు ఈ ఒక్క మార్పు చేసిననే తేడా స్పష్టముగా కనుపించును. మెమరీ 4 జీబీ మాత్రమే యుండి ఎప్పుడును నిండియున్నచో, 8 జీబీకి పెంచుట మేలు. ఈ రెండింటికగు ఖర్చు సాధారణముగా కొత్త యంత్రపు వెలలో కొద్ది భాగమే. డిస్కు మార్చుటకు ముందు రికార్డులన్నిటికి వేరొక నకలు తీసి, అది తెరచుకొనుచున్నదో లేదో చూచుకొనవలెను.

తప్పు యంత్రముది కానప్పుడు

సుంకేసుల వద్ద నీరు సమృద్ధిగా నున్నను కర్నూలు–కడప కాలువ చివరి పొలమునకు అందకపోవచ్చును. అప్పుడు రైతు మడక మార్చిన ప్రయోజనమేమి? ఇంటర్నెట్టు సంగతియు నిట్టిదే. యంత్రములో దాచిన ఫైలు వెంటనే తెరచుకొని, వెబ్‌సైటు మాత్రము ఆలస్యమగుచున్నచో, లోపము లైనులోనో, దూరపు సర్వరులోనో యున్నది. అన్ని సైట్లును ఆలస్యమైన లైను లోపము. ఒక్కటే ఆలస్యమైన ఆ సర్వరుపై రద్దీ. ఇందుకు కొత్త యంత్రము మందు కాదు.

కొత్తది కొనవలసిన సందర్భములును గలవు. విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11ను స్వీకరింపలేని పాత యంత్రమున ప్రజల ఆధార్ వివరములు, పంచాయతీ లెక్కలు ఉంచుట క్షేమము కాదు. ఇంటిలో పిల్లల చదువునకైనచో, అట్టి యంత్రమున ఉచితముగా లభించు లినక్స్‌ను వాడుకొనవచ్చును. కార్యాలయమున మాత్రము డిజిటల్ సంతకపు పరికరము దానితో పనిచేయునో లేదో ముందుగా పరీక్షింపవలెను. పాత యంత్రమును తీసివేయునప్పుడు డిస్కులోని వివరములను పూర్తిగా తుడిచివేయించుట మన బాధ్యత.

సభ్యులారా! ఇకమీదట కంప్యూటరు కొనుగోలు తీర్మానము మీ ముందుకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నల నడుగుడు: దుమ్ము తీసిరా? పట్టికలో ఇరుకు దేనియందు కనుపించినది? డిస్కు, మెమరీ మార్చుటకు ఖర్చెంత? లైను పరీక్షించిరా? ఈ యంత్రమునకు రక్షణ సవరణలు ఇంకను వచ్చుచున్నవా? సమాధానములను తీర్మానముతోపాటు పుస్తకమున వ్రాయించుడు. కొనవలసినదే యైనచో నిస్సంకోచముగా కొనుడు. కాకున్నచో, మిగిలిన ధనమునకు మన గ్రామములలో పని కొరత లేదు.