ఒంటిసభ రాష్ట్రము

సజాతీయములగు రెండచ్చులు కూడినచో నొక్క దీర్ఘమే నిలుచునని మావంటి బడిపంతుళ్లు బాలురకు జెప్పుదురు. అమెరికా నడుమనున్న నెబ్రాస్కా రాష్ట్రము ఈ సూత్రమును రాజ్యాంగమునకు వర్తింపజేసినది.

మొక్కజొన్న చేలకును, పశువుల మందలకును బేరుపడిన సీమ యది. ప్రజలు పూర్వాచారపరాయణులు, మితవ్యయులు. అధ్యక్షపదవి యెన్నికలలో 1968 మొదలు రాష్ట్రము మొత్తముమీద గెలిచినవారు రిపబ్లికను పక్షమువారే. అట్టిచోట శాసనసభ యొక్కటే. ఆ సభ యెన్నిక పత్రముపై అభ్యర్థి పక్షమును దెలుపరు. ఏబది రాష్ట్రములలో నిట్టిది మరియొకటి లేదు.

దీనికి బ్రధానకర్త సెనేటరు జార్జి నారిస్. ఆంగ్లదేశమున ప్రభువుల కొక సభ, సామాన్యుల కొక సభ యేర్పడుటకు గారణమున్నది. అట్టి వర్గభేదము లేనిచోట నొకేపనిని రెండుమారులు చేయించుట యేల? ఉభయసభలకు భేదము వచ్చినపుడు కొలదిమంది చాటున రాజీ కుదుర్చుదురు, దోషమెవరిదో ప్రజలెరుంగరు. ఇది యాతని వాదము. కరవు, ఆర్థికమాంద్యము జంటగా బాధించుచున్న 1934లో ప్రజలు దీని నంగీకరించిరి. 133 మందికి మారుగా 43 మందితో 1937లో క్రొత్తసభ కూడెను. నేటి సభ్యులు 49 మంది.

మరి తొందరపాటు నాపువారెవరని మీరడుగవచ్చును. గవర్నరు, న్యాయస్థానము, అన్నిటికిని మించి ప్రజలు అని సమాధానము. 2015లో దీనికి బరీక్ష వచ్చెను. మరణదండనను రద్దుచేయు శాసనమును గవర్నరు నిరాకరింపగా, సభ సరిగా కావలసిన 30 వోట్లతో దానిని నిలిపెను. ఎవరే పక్షమువారో అందరెరిగినదే. అయినను రిపబ్లికనులు పలువురు తమ గవర్నరును గాక యంతరాత్మను వినిరి. కాని 2016లో ప్రజలు తమ వోటుతో నా దండనను మరల దెచ్చుకొనిరి.

నా మనస్సు సభవైపుననే యున్నది. అయినను తీర్పు బహిరంగముగా జరిగెను. ఎవరేమి చేసిరో యెల్లరకును దెలిసెను. అది చిన్నవిషయము కాదు.

మన ఆంధ్రప్రదేశమున శాసనమండలి 1985లో రద్దయి, 2007లో మరల వచ్చినది. ఒకసభయా, రెండుసభలా యను చర్చ మనకును క్రొత్తకాదు. లింకను నగరమందలి రాజధానీభవన ద్వారముపై, రాజ్యమునకు రక్షణము పౌరుని జాగరూకతయే యను భావము చెక్కబడియున్నది. సభలెన్నియైనను, ఆ కాపరి నిద్రించినచో ఫలమేమి?