మగ్గం ఇంటికి వచ్చిన యుద్ధం

రెండో ప్రపంచ యుద్ధంలో నేతగాళ్ల ఊరు ఎమ్మిగనూరు మీద బాంబులేవీ పడలేదు. అయినా ఆ ఊరి మగ్గం ఇళ్లలోకి యుద్ధం వచ్చింది.

మగ్గం పని ఇంటిల్లిపాదిదీ. గుంటలో కాళ్లు పెట్టి నాయన నేస్తాడు. అమ్మ నూలుకు గంజి పట్టిస్తుంది. అవ్వ రాట్నం తిప్పి కండెలు చుడుతుంటే పిల్లలు అందిస్తారు. బడి సంగతి ఆ తర్వాతే! నూలు రాకపోతే అన్ని చేతులూ ఒక్కసారే ఖాళీ.

జరిగింది అదే. మిల్లులు సైన్యానికి బట్ట నేయడంలో పడ్డాయి. 1941 చివర్లో జపాన్ యుద్ధంలోకి దిగాక అక్కడి నూలు ఆగింది. 1943లో ప్రభుత్వం బట్టకూ నూలుకూ కంట్రోలు పెట్టింది. విచిత్రం చూడండి, పత్తికి పేరుమోసిన ఆదోని మార్కెట్టు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే! కానీ పత్తి ఉంటే చాలదు, దాన్ని వడికే మిల్లు ఉండాలి కదా. 1942లో బర్మా జపాన్ చేతిలో పడ్డాక కిరసనాయిలుకూ కటకటే. దీపం లేనిదే రాత్రి నేత సాగదు.

పనిలేని ఇంట్లో మాటామాటా పెరుగుతుంది. షావుకారు బాకీ తీరదు. నాయన కూలికో, వలసకో పోతే పిల్లలు అవ్వ పంచన చేరాల్సిందే.

ఎమ్మిగనూరు ఒక్క విషయంలో అదృష్టవంతురాలు. యుద్ధానికి ఏడాది ముందే, 1938లో, మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఒంటరి నేతగాడికి దొరకని నూలును సంఘం పేరున అడగొచ్చు. నా లెక్కలో అది చిన్న ఊరట కాదు. 1954లో సోమప్పకు పద్మశ్రీ దక్కింది.