ఉయ్యాల కట్టకముందే
(కైకలూరు సభలో ఒక పశువైద్యుడి ఉపన్యాసం)

ముందు వరసలో ఉన్న అమ్మమ్మలూ నాయనమ్మలూ, ఈ సాయంత్రం నేను చెప్పబోయే పని చివరికి మీ చేతుల మీదుగానే జరగాలి.

కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో గేదెలకీ, మేకలకీ, చేపల చెరువుల కాపలా కుక్కలకీ వైద్యం చేస్తుంటాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చి ఇదే మాట అడుగుతారు. "డాక్టరు గారూ, కోడలు బిడ్డనెత్తుకుని వస్తోంది. ఈ కుక్కని ఏం చెయ్యమంటారు?" అడిగినవాళ్ళు నయం. అడగనివాళ్ళు చీకటిపడ్డాక బండెక్కించి, ఊరవతల ఏదో గట్టు మీద దింపేసి వచ్చేస్తారు. నాలుగేళ్ళు ఇంట్లో అన్నం తిన్న కుక్క అక్కడ కొత్త కుక్కల చేత కరిపించుకుంటుంది. ఏటేటా వేయించే టీకా ఆగిపోతుంది. ఆకలికి ఇంకో ఊరు చేరుతుంది. అక్కడా పిల్లలుంటారు కదండీ. మన బిడ్డకి తప్పిందనుకున్న ముప్పుని ఇంకో తల్లి గుమ్మంలో దించినట్టే.

బయటి దేశాల్లో రాసిన సలహాలు చదివితే, తల్లి ఆసుపత్రికి వెళ్ళి రెండు మూడు రోజుల్లో బిడ్డతో తిరిగొస్తుంది. మన తీరు వేరు. శ్రీమంతం చేసి పుట్టింటికి పంపుతాం. పురుడూ బారసాలా అక్కడే. మూడో నెలో ఐదో నెలో వచ్చాక మంచిరోజు చూసి అత్తింటికి తీసుకొస్తాం. ఇప్పుడు కుక్క వైపు నుంచి చూడండి. రోజూ అన్నం పెట్టిన చెయ్యి ఒకనాడు కనపడకుండా పోయింది. నెలల తరవాత అదే మనిషి గుమ్మంలో నిలబడింది. ఒంటికి పాలవాసన, చేతుల్లో ఏడుస్తున్న చిన్న ప్రాణం, చుట్టూ జనం, ఎర్రనీళ్ళ పళ్ళెం. సంతోషంతో మీదికి ఎగురుతుంది. మనం "బిడ్డ మీదికొచ్చింది" అని కర్ర తీస్తాం. తగాదా అక్కడ మొదలవుతుంది.

అదే ఆచారం మనకి నెలల గడువు కూడా ఇస్తోంది. ఆ గడువుని మనం ఊరికే పోగొట్టుకుంటున్నాం.

కాబట్టి పని శ్రీమంతానికి ముందే మొదలవ్వాలి. అన్నం పెట్టడం, తిప్పుకు రావడం కోడలి చేతిలోంచి కొంచెం కొంచెంగా మామగారికో అబ్బాయికో మారాలి. తరవాత కుక్కకి ఒక చోటు నేర్పండి. గోనెసంచి చాలు. వరండాలో ఒక మూల పరవండి. దాని మీద పడుకున్నప్పుడల్లా ఒక ముద్ద అక్కడే పెట్టండి. పదిహేను ఇరవై రోజుల్లో "సంచి మీదికి పో" అంటే వెళ్ళి పడుకుంటుంది. రేపు బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఒక్క మాట మీకు వంద కేకల పెట్టు.

ఉయ్యాల సంగతి వేరే చెప్పాలి. దూలానికి చీర కడతాం. కొంగులోంచి చిన్న కాలు బయటికొస్తుంది, ఊగుతుంది, లోపలినుంచి సన్నటి అరుపు వస్తుంది. నీటికాకులనీ కొంగలనీ తరమడానికి చెరువు మీద అలవాటుపడిన కుక్కకి కదిలేదల్లా తరమాల్సిందే. దానికది తప్పు కాదు, ఆ పనికే దాన్ని మెచ్చుకున్నాం. అందుకని బిడ్డ రాకముందే ఖాళీ ఉయ్యాల కట్టండి. ఊపుతూ ఉండండి, కుక్క సంచి మీద ఉండి చూడనివ్వండి, ముద్ద పెట్టండి. సెల్‌ఫోన్లో పసిపిల్లల ఏడుపు చిన్నగా వినిపించండి, రోజురోజుకీ కొంచెం పెంచండి. పుట్టింటినుంచి వచ్చేవాళ్ళ చేత బిడ్డ కట్టి విడిచిన గుడ్డ ఒకటి తెప్పించండి. సాంబ్రాణి, నూనె, పాలు కలిసిన ఆ వాసన ముందు ముక్కుకి తెలిస్తే తరవాత మనిషి కొత్త కాదు.

పుట్టింట్లో కుక్క ఉంటే ఇదంతా అక్కడా చెయ్యాలి. అక్కడ గడువు తక్కువ.

బిడ్డ వచ్చే రోజున కుక్కని ముందే చాలాసేపు తిప్పి అలసిపోనివ్వండి. దిష్టి తీసేటప్పుడు, చుట్టాలు మూగినప్పుడు అది పెరట్లో ఉండాలి. జనం సర్దుకున్నాక బిడ్డని ఇంకొకరికిచ్చి, తల్లి ఒట్టి చేతులతో వెళ్ళి కుక్కని పలకరించాలి. ఆ ఆనందమంతా అక్కడ తీరనివ్వండి. బిడ్డని చూపించడం ఆ రోజే జరగక్కర్లేదు. మర్నాడో ఆ మర్నాడో, గొలుసు పట్టుకుని, దూరం నుంచి.

ఇక కుక్క చెప్పే మాటల దగ్గర కాసేపు ఆగుతాను. చెప్పాపెట్టకుండా కరిచిందంటారు. నా అనుభవంలో చాలాసార్లు అది ముందే చెబుతుంది, మనకి వినపడదు. నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. తిండి లేకుండానే మూతి నాక్కుంటుంది. తల పక్కకి తిప్పుకుంటుంది గానీ కన్ను మాత్రం బిడ్డ మీదే ఉంటుంది, కంటి చివర తెల్లగుడ్డు నెలవంకలా కనపడుతుంది. ఆ తరవాత ఒళ్ళు కొయ్యలా బిగుస్తుంది. ఫొటో కోసం బిడ్డని కుక్క పక్కన కూర్చోబెట్టినప్పుడు ఫోన్ వైపు కాదు, ఆ కన్ను వైపు చూడండి. అంతకీ మనం వినకపోతే గుర్రుమంటుంది. గుర్రుమంటే కొట్టకండి. కొడితే భయం పోదు, గుర్రుమనడం మానుతుంది. ఈసారి నేరుగా పన్ను పడుతుంది. గుర్రుమన్నప్పుడు బిడ్డని తీసేయండి, ఎందుకన్నదో ఆలోచించండి. చెవి నొప్పి కావచ్చు, ముసలి కుక్కైతే కీళ్ళ నొప్పి కావచ్చు. అప్పుడు మా దగ్గరికి తీసుకురండి.

ఒకప్పుడు నేను కూడా "రాత్రింబవళ్ళు కట్టేయండి" అని సలహా ఇచ్చాను. అది తప్పు. అస్తమానం కట్టేసిన కుక్కకి చిరాకు పెరుగుతుంది, తప్పించుకునే దారి ఉండదు. బిడ్డ పాకుతూ ఆ గొలుసు అందేంత దూరంలోకి వెళ్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. గొలుసు కంటే మెష్ తలుపు మేలు. కుక్క అందరినీ చూస్తుంది, బిడ్డని అందుకోలేదు. పాకే వయసుకి మళ్ళీ జాగ్రత్త పెంచాలి. అన్నం గిన్నె దగ్గరికీ, నిద్రపోతున్న కుక్క మీదికీ పోయేది అప్పుడే.

పంచతంత్రంలోని ముంగిస కథ ఇక్కడ అందరికీ తెలుసు. బిడ్డని పాము నుంచి కాపాడిన ముంగిసని, మూతికి నెత్తురు చూసి చంపేస్తారు. తొందరపడ్డారని బాధపడతాం. నాకు అంతకుముందు జరిగినదే కనపడుతుంది. పసిబిడ్డ దగ్గర జంతువుని వదిలి పెద్దవాళ్ళంతా బయటికి వెళ్ళారు. ఎంత మంచి కుక్కైనా, పక్కన మెలకువగా పెద్దమనిషి లేకుండా ఒక్క నిమిషం కూడా వద్దు.

పిల్లి గురించి గర్భిణులకి చాలా భయం ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది, నిజమే. కానీ ఆ మలం పడిన వెంటనే అంటించదు, కనీసం ఒక రోజు పడుతుంది. ఏ రోజుకారోజు ఇంకొకరు ఎత్తేస్తే, కోడలు మట్టిపని చేశాక చేతులు సబ్బుతో కడుక్కుంటే, మాంసం బాగా ఉడికిస్తే భయపడక్కర్లేదు. పిల్లిని వెళ్ళగొట్టే పని లేదు. బిడ్డ పుట్టాక అది వెచ్చదనం కోసం పక్కలోకి చేరుతుంది. దోమతెర వెయ్యండి, బిడ్డ నిద్రపోయే గది తలుపు మూయండి.

పిడుదుల మందు మాట. చేపకి పేను పడితే చెరువులో చల్లే మందునే కొందరు కుక్క ఒంటికి పూస్తారు. ఎంత కలపాలో లెక్క ఉండదు. బిడ్డ ఆ బొచ్చు పట్టుకుని చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఆ జాతి మందుల్లో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి కూడా. పిడుదులకీ నులిపురుగులకీ మందు పశువైద్యశాలలో అడిగి వాడండి. బిడ్డ రాకముందే ఆ పని పూర్తవ్వాలి.

అన్నిటికన్నా ముందు రేబిస్ టీకా. 1885 జులై 6న పాశ్చర్, కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి తన టీకా మొదలుపెట్టాడు, పిల్లవాడు బతికాడు. ఆ రోజు గుర్తుగానే ఏటా జులై 6న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకి ఉచితంగా టీకాలు వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకి మందు లేదని చెప్పాలి, అందుకే కాటు పడ్డ మొదటి పావుగంట ప్రాణం. పంపు కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం వద్దు, సున్నం వద్దు, ఆకు పసరు వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణికీ, బాలింతకీ, నెలల బిడ్డకీ ఆ టీకా వెయ్యవచ్చు. లోతుగా దిగిన కాటుకి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అడిగి వేయించుకోండి. టీకా లేని కుక్క బిడ్డ నోటినో కంటినో నాకినా కాటంత సీరియస్‌గానే తీసుకోవాలి.

కుక్క ఉంటే బిడ్డకి జలుబు, ఆయాసం తప్పవని కొందరు అంటారు. 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం ఫిన్లండ్‌లో 397 మంది పిల్లల్ని మొదటి ఏడాదంతా గమనించింది. ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకే శ్వాసకోశ ఇబ్బందులు, చెవిపోట్లు తక్కువ కనపడ్డాయి. అది ఫిన్లండ్ మాట, మన తేమ గాలి వేరు. అయినా కుక్క పేరు చెప్పి ముందే భయపడిపోవద్దని మాత్రం అంటాను.

ఒక నాయనమ్మ నా దగ్గరికి కర్రిగాడు అనే చెరువు కుక్కని తెచ్చింది. "దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి బాబూ, ఐదో నెల్లో కోడలు వస్తోంది" అంది. మూడు నెలల గడువుంది, నేను చెప్పినట్టు చేసి చూడమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు గానీ చేసింది. గోనెసంచి పరిచింది, ఖాళీ ఉయ్యాల ఊపింది. వియ్యపురాలిని అడిగి బిడ్డ గుడ్డ తెప్పించింది. కోడలొచ్చిన వారానికి కుక్క టీకా కార్డు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. లోపల చీర ఉయ్యాల ఊగుతోంది. మెష్ తలుపు ఇవతల కర్రిగాడు సంచి మీద ముడుచుకుని ఉన్నాడు. బిడ్డ ఏడుపందుకుంది. వాడు చెవి ఒకటి లేపి, తల తిప్పి వంటింటి వైపు చూశాడు. నాయనమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ముందు ఉయ్యాల ఊపింది, తరవాత వాడికి ఒక ముద్ద వేసింది.