పంటి వేరులో మందు – బావిలో బ్లీచింగు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వైద్యుణ్ణి కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. నా పన్ను నాకు నేర్పిన పాఠమే మనవి చేసుకుంటాను.

మూడేళ్ల క్రితం నా దవడపన్నుకు రూట్ కెనాల్ మొదలుపెట్టారు. మొదటి సిట్టింగుతోనే నొప్పి పోయింది. లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసి, వారానికి రమ్మన్నారు. నొప్పి లేదుగదా అని నాలుగు నెలలు వెళ్లలేదు. పైన మూసింది ఊడిపోయింది. ఒకనాడు తెల్లవారేసరికి చెంప వాచింది.

"అంత ఘాటు మందు పోశారు గదమ్మా, క్రిములు చావలేదా?" అన్నాను. మనవరాలి వయసున్న ఆ డాక్టరమ్మ, "ఘాటు ఒక్కటే చాలదు తాతగారూ" అని ఓపిగ్గా చెప్పింది.

ఆమె వాడేది సోడియం హైపోక్లోరైట్. క్లోరిన్ సరుకు అనగానే నాకు 1977 నవంబరు ఉప్పెన గుర్తొచ్చింది. అప్పుడు నేను కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. దివిసీమ బావుల్లో బ్లీచింగు వేయిస్తుంటే లెక్కలు రాయడానికి పంపారు. మురికి నీటికి పౌడరు ఎక్కువ పడుతుందనీ, సంచి తెరిచి ఉంచితే బలం పోతుందనీ, వేశాక అరగంట ఆగాలనీ అక్కడే విన్నాను. పంటిలోనూ ఇదే ధర్మం.

మొదటిది మురికి. చచ్చిన నరం ముక్కలు, చీము, రక్తం మందు బలాన్ని తినేస్తాయి. పంటి లోపలి గోడ పదార్థం కూడా కొంత తగ్గిస్తుంది. అందుకే ఒకసారి పోసి ఊరుకోరు, తాజా మందుతో మళ్లీ మళ్లీ కడుగుతారు.

రెండోది, మందు చేరడం. పంటి కాలువ తిన్నని గొట్టం కాదు. దానికి పిల్లకాలువలు, గోడల్లో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. గీకినప్పుడు రాలిన పొడి ఆ రంధ్రాలను మూసేస్తుంది. దాన్ని తీయడానికి ఇ.డి.టి.ఎ. అనే మరో ద్రావణం వాడతారు. అల్ట్రాసోనిక్ పరికరంతో కదిలిస్తే మందు మూలలకు పోతుంది.

మూడోది గాఢత. అర శాతం నుంచి అయిదారు శాతం వరకు వాడుతున్నారు. పలచనిదైతే ఎక్కువసార్లు, ఎక్కువసేపు పోయాలి. ఘాటైనది వేరు చివర దాటి బయటికి పోతే భరించలేని మంట, వాపు. వేడిచేస్తే పని వేగం పెరుగుతుంది. నిలవ ఉంచితే, ఎండ తగిలితే బలం తగ్గుతుంది.

నాలుగోది క్రిమి. విడిగా తిరిగేది తొందరగా చస్తుంది. గోడకు పాచిలా అంటుకుని గుంపుగా బతికేది మొండిది. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే జాతి, సిట్టింగుల మధ్య పెట్టే కాల్షియం హైడ్రాక్సైడుకు కూడా తట్టుకుని నిలుస్తుందట.

కనుక మిత్రులారా, మూడు మనవులు. డాక్టరును తొందరపెట్టకండి, కడిగే సమయమే వైద్యం. నొప్పి తగ్గిందని రెండో సిట్టింగు మానకండి, పైన మూసింది ఊడితే నోటిలోని క్రిములు మళ్లీ లోపలికి చేరతాయి. మీకు షుగరున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి.

నా పన్ను మళ్లీ మొదటినుంచి శుభ్రం చేసి, క్యాపు వేశారు. ఖర్చు రెట్టింపైంది. మొన్న సంక్రాంతికి ఆ పంటితోనే జంతికలు నమిలాను. మీలో ఎవరి పన్నయినా సగంలో ఆగి ఉంటే, రేపే వెళ్లండి.